పక్క ఊరి గ్రంథాలయం, మేం ఐదుగురం, 180 గంటలు

మే 6

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా, మనిషికి 180 గంటలు. వేసవి సెలవుల్లో చేయాలి. ఎక్కువ మంది ఎలా లాగించేస్తారో తెలిసిందే. ఒక ఊరు పట్టుకోవడం, ఇంటింటికీ సర్వే ఫారాలు, ప్లాస్టిక్ వాడొద్దని ఒక ర్యాలీ, ఫ్లెక్సీ ముందు ఫొటో, చివర్లో స్పైరల్ బైండింగ్. ఈసారి మా మేడమ్ ఒక మాట అన్నారు: "ఏదైనా సంస్థకి పనికొచ్చే పని మీరే వెతుక్కోండి, ప్లాన్ కూడా మీరే వేసుకోండి. నేను వారానికోసారి లాగ్‌బుక్ చూసి సంతకం పెడతా. మధ్యలో వేలు పెట్టను." ఆ మాటకి తెగ సంబరపడ్డాం.

మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పాత గ్రంథాలయం ఉంది. ఊరివాళ్లు కట్టుకున్నది, ఒక కమిటీ నడుపుతోంది. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన జీతం లేకుండా చూసుకుంటున్నారు. మా ప్లాన్ అప్పటికే రెడీ: యాప్ చేస్తాం, ప్రతి పుస్తకానికీ క్యూఆర్ కోడ్ అతికిస్తాం, జనం ఫోన్‌లోనే వెతుక్కుంటారు. పీపీటీ కూడా చూపించాం. మాస్టారు చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"యాప్ బాగుంది అమ్మాయ్. ముందు నా దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పగలరా?"

మీకే తెలియదా అని అడగబోయి ఆగాను. రిజిస్టర్‌లో చివరి నంబరు 3,814. బీరువాల్లో ఉన్నవి "ఒక మూడు వేల రెండొందలు ఉంటాయేమో" అన్నారు. ఆ "ఏమో" దగ్గరే మా ప్రాజెక్టు మారిపోయింది.

మే 8

ఈ రోజంతా ఒక్క కాగితం మీదే పోయింది. మేం ఏం చేస్తాం, ఏం చేయం, గ్రంథాలయం మాకేం ఇవ్వాలి అని ఒక పేజీ ఒప్పంద పత్రం. ఏం చేస్తామన్నది రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఏం చేయమన్నది రాయడానికి రెండు గంటలు, మాలో మాకు ఒక గొడవ. యాప్ చేయం. క్యూఆర్ కోడ్ లేదు. పాడైన పుస్తకాలకి బైండింగ్ చేయం. యాప్ కొట్టేయగానే మాలో కోడింగ్ వచ్చినవాడు మొహం మాడ్చుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు. వాణ్ని ఇక్కడినుంచి కోడర్ అంటాను, ఈ డైరీలో పేర్లు రాయకూడదని ఒప్పందం. మిగతా ముగ్గురు: టైపిస్టు, బైక్ బాబు, హాస్టల్ అమ్మాయి.

మాకు కావలసినవి మూడే: ఒక బల్ల, పని చేసే ప్లగ్గు, తాళం. తాళం దగ్గరే చిక్కొచ్చింది. గ్రంథాలయం తెరిచేది సాయంత్రం 4 నుంచి 7 వరకే. పాఠకులు కూర్చుని పేపర్ చదివే టైములో మేం బీరువాలు దులపలేం. చివరికి పొద్దున 7.30 నుంచి 11.30 వరకు కుదిరింది. ఆ తర్వాత ఎలాగూ ఆ రేకుల షెడ్డులో కూర్చోలేం.

మాస్టారు పత్రం చదివి సంతకం పెట్టారు. పెట్టేముందు ఎర్ర పెన్నుతో మూడు అక్షర దోషాలు దిద్దారు. 'గ్రంధాలయం' అని రాసింది నేనే.

మే 11

లెక్కలు వేశాం. 180 గంటల్లో సర్వే, అవగాహన కార్యక్రమం, రిపోర్టు కలిపి 90 గంటలు పోతాయి. అసలు పనికి మనిషికి మిగిలేవి 90. ఒకరు పుస్తకం తీసి చదువుతారు, ఒకరు టైప్ చేస్తారు, అలా రెండు జట్లు. ఐదో మనిషి బీరువాలు తుడిచి, సాయంత్రం ఫైళ్లు కలుపుతారు. పుస్తకానికి రెండు నిమిషాలనుకుంటే 3,200 పుస్తకాలకి 107 గంటలు, రెండు జట్లుగా పంచుకుంటే 54. హాయిగా అయిపోతుంది.

"రెండు నిమిషాలని ఎవరు చెప్పారు?" అంది హాస్టల్ అమ్మాయి.

ఎవరూ చెప్పలేదు. నాకలా అనిపించింది, అంతే. అప్పటికప్పుడు మొదటి బీరువాలో 50 పుస్తకాలు తీసి చేసి చూశాం. 3 గంటల 20 నిమిషాలు! అంటే పుస్తకానికి నాలుగు నిమిషాలు. ఆ లెక్కన ఒక్కో జట్టుకి 107 గంటలు కావాలి, ఉన్నవి 90. మొదలుపెట్టకముందే ఓడిపోయాం.

టైమంతా ఎక్కడ పోతోందో చూశాం. మేం పెట్టుకున్న కాలమ్‌లు 14. ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, వెల, పేజీలు, ఇచ్చినవారి పేరు, ఇంకా ఏవేవో. పాత పుస్తకాల్లో మొదటి పేజీ చిరిగిపోయి ఉంటుంది, సంవత్సరం కోసం వెనక్కీ ముందుకీ తిప్పుతూ కూర్చుంటున్నాం. "వీటిలో మీరు రోజూ వాడేవి ఏవి?" అని మాస్టారిని అడిగాం. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు: నంబరు, పేరు, రచయిత, విభాగం, ఏ బీరువా ఏ అర, పుస్తకం ఎలా ఉంది. ఆరు. మిగతా ఎనిమిదీ తీసేసి ఇంకో 50 చేశాం. 2 గంటల 5 నిమిషాలు. పుస్తకానికి రెండున్నర నిమిషాలు, జట్టుకి 67 గంటలు. 23 గంటలు మిగులు. ఆ మిగులులో ఒక్క గంట కూడా చివరికి మిగల్లేదు, కానీ అది లేకపోతే జూన్ మొదట్లోనే చేతులెత్తేసేవాళ్లం.

మే 13

విభాగాల మీద పేచీ. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి పెడదామని నేను పట్టుబట్టాను, రిపోర్టులో బాగుంటుందని. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. కవిత్వానికి చివర 1, నాటకానికి 2, నవలకీ కథకీ 3. మాస్టారు నవ్వి, "ఇక్కడున్న వాటిలో సగానికి పైగా తెలుగు నవలలూ కథలే. అన్నిటికీ 894.8273 అంటించి ఏం చేద్దాం, అందరికీ ఒకే ఇంటి నంబరు ఇచ్చినట్టు?" అన్నారు. ఆయన పద్ధతి వేరు. బీరువాల తలుపుల మీద రంగు గీతలు: నవలలకి ఎరుపు, కథలకి పసుపు, కవిత్వానికి నీలం, ఆధ్యాత్మికానికి కాషాయం. ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా మనవడి చేత "ఆ పసుపు గీత బీరువాలోది" తెప్పించుకుంటుందట. రంగులే ఉంచేశాం.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఇవాళే తేలిపోయింది. కోడర్ కోహా వేద్దామన్నాడు. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, మావోరీ భాషలో ఆ మాటకి కానుక అని అర్థమట. బాగానే ఉంది గానీ, దానికి లినక్స్ సర్వర్ కావాలి, మేం వెళ్లిపోయాక చూసుకునే మనిషి కావాలి. ఇక్కడున్నది ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటి, నెట్ లేదు. ఎక్సెల్ చాలు.

మే 17

సర్వే గంటలు అయ్యాయి. దాని గురించి పెద్దగా రాయడానికి లేదు, ఒక్కటి తప్ప. ఇంట్లో గ్రంథాలయం పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడిగితే చాలామంది టక్కున "లేవు" అన్నారు. ఒకింట్లో లేవని ఆవిడ చెబుతుండగానే టీవీ స్టాండ్ కింద గ్రంథాలయం ముద్ర కనపడింది, స్టాండ్ ఊగకుండా పెట్టారు. ఇంకొకాయన మా మీదే విరుచుకుపడ్డాడు: "ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు కడుతున్నాం, ఆ డబ్బేం చేస్తున్నారు?" ఆ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుందనీ, ఇది ఊరి కమిటీదనీ, దీనికి రాదనీ వివరించడానికి పావుగంట పట్టింది. ఆయన ఒప్పుకోలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చాడు.

మే 20

ఎంట్రీ మొదలై రెండో రోజు. కమిటీ మెంబరు ఒకాయన శుభవార్త తెచ్చారు: పుస్తకాల జాబితా ఎప్పుడో డీటీపీ షాపులో టైప్ చేయించారట, సీడీ ఉందట. ఇక టైపింగ్ తప్పిందనుకుని ఎగిరి గంతేశాం. తెరిస్తే స్క్రీన్ నిండా ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. అను ఫాంట్లలో చేసిన ఫైల్ అది. ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే కాకిగీతలు. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే రూపంలోకి, మార్చే కన్వర్టర్ ఒకటి పట్టుకొచ్చాడు కోడర్. మారింది గానీ వత్తులు ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి. ఒక్కో పేరూ సరిచూడటం కంటే కొత్తగా టైప్ చేయడమే సులువు.

ఇక్కడ మేం చేసిన ఒకే ఒక తెలివైన పని, ముందే గడువు పెట్టుకోవడం. "దీనికి ఒక్క పూట, అంతే" అనుకున్నాం. 11.30కి సీడీని కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేశాం. కోడర్‌కి మనసొప్పలేదు, ఇంకో రెండు రోజులిస్తే సాధిస్తానన్నాడు. సాధించేవాడే. కానీ ఆ రెండు రోజులు ఎవరివి?

మే 23

హాస్టల్ అమ్మాయికి దుమ్ముతో తుమ్ములు ఆగట్లేదు, కళ్లు ఎర్రబడ్డాయి. ప్లాన్‌లో దుమ్ము అన్న మాటే లేదు. బీరువాల అడుగు అరల్లో చెదలు, మధ్య అరల్లో ఎప్పటివో ఎండిన వేపాకులు, ముట్టుకుంటే పొడి. ఆ అమ్మాయిని టైపింగ్‌కి మార్చాం, టైపిస్టుని బీరువాల మీదికి. టైపిస్టు పేరుకి టైపిస్టు, ఇప్పుడు మొహానికి తువ్వాలు చుట్టుకుని దొంగలా తిరుగుతున్నాడు. మేం ఐదుగురం ఒక్కొక్కరం ఒక్కో పనే నేర్చుకుని ఉంటే ఇవాళ పని ఆగిపోయేది.

మే 27

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తున్నాను, ఎందుకంటే తప్పు నాదే.

పొద్దున్న పదకొండున్నరకి మొత్తం 1,240 వరసలయ్యాయి. రెండు జట్ల ఫైళ్లనీ కలిపాను. రచయితల పేర్లు అక్షర క్రమంలో చూద్దామని ఆ ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కాను. ఎక్సెల్ ఏదో అడిగింది, మిగతా కాలమ్‌లు కూడా కలపనా అని. చదవకుండానే వద్దని నొక్కి, సేవ్ చేసి, మూసేశాను. సాయంత్రం బైక్ బాబు ఫైల్ తెరిచి, "ఇదేంట్రా, పంచతంత్రం కథలు శ్రీశ్రీ రాశాడా?" అన్నాడు.

పుస్తకాల పేర్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. రచయితలు మాత్రం అందరూ లేచి అక్షర క్రమంలో నిలబడ్డారు. ఎవరి పుస్తకం ఎవరిదో తెలియదు.

నా లాప్‌టాప్‌లో ఫైనల్, ఫైనల్2, ఫైనల్ నిజం అని మూడు ఫైళ్లున్నాయి, మూడూ ఇవాళ్టివే, మూడింట్లోనూ అదే గందరగోళం. అదృష్టం కొద్దీ నిన్న సాయంత్రం టైపిస్టు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లాడు. ఎందుకు ఎక్కించుకున్నావని అడిగితే, ఇంట్లో వాళ్లకి చూపించడానికట! అందులో 1,050 వరసలు ఉన్నాయి. 190 పోయాయి, అంటే ఒక రోజు పని. రెండో జట్టు ఫైల్ మీద కూడా నేనే కాపీ చేసి పడేశాను కాబట్టి అదీ దక్కలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. రాత్రి మా గ్రూపులో నేనే రూల్స్ పెట్టాను. కలిపే అధికారం ఒక్కరికే, అది నేను కాదు, హాస్టల్ అమ్మాయి. ప్రతి సాయంత్రం తేదీ పేరుతో ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి మెయిల్‌కి. 'ఫైనల్' అన్న మాట ఫైల్ పేరులో నిషేధం.

లాగ్‌బుక్‌లో ఈ రోజుకి "డేటా శుద్ధి" అని రాయమన్నాడు బైక్ బాబు. "నా పొరపాటు వల్ల 190 వరసలు పోయాయి" అనే రాశాను. మేడమ్ సంతకం పెట్టేటప్పుడు ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చారు.

మే 31

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు, మా ఓపికా అలాగే ఉంది. తొమ్మిదింటికే కరెంటు పోతోంది. లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు టైపింగ్, తర్వాత తెల్లకాగితం మీద చేత్తో. ఆ కాగితాలు సాయంత్రం ఎక్కించడానికి ఇంకో గంట. మిగులు గంటలు ఇలా కరుగుతున్నాయి.

ఇవాళ రచయితల పేర్లు చూసుకుంటే తల తిరిగింది. శ్రీశ్రీ ఒక చోట శ్రీశ్రీ, ఇంకో చోట శ్రీరంగం శ్రీనివాసరావు. రావిశాస్త్రి అలాగే ఉన్నాడు, రా.వి. శాస్త్రిగానూ ఉన్నాడు, రాచకొండ విశ్వనాథశాస్త్రిగానూ ఉన్నాడు. ఒకే మనిషి మూడు మనుషులైతే, ఆయన పుస్తకాలు ఎన్ని ఉన్నాయో కంప్యూటర్ ఎలా చెబుతుంది? ఇది చాలదన్నట్టు విశ్వనాథలో సగం మంది థ పెట్టారు, సగం మంది ధ. పేరు చివర స్పేస్ పడితే కూడా వేరే మనిషే. కోడర్ ఇంకోటి కనిపెట్టాడు: ఫోన్‌లో టైప్ చేసిన కొన్ని పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుతోంది. రెండు పేర్లూ చూడటానికి కవలల్లా ఉంటాయి, ఎక్సెల్ మాత్రం వేరు వేరంటుంది. యాప్ పోయిందని బాధపడ్డవాడు ఇవాళ రెండు గంటలు ఆ అక్షరాల్ని ఏరిపారేస్తూ ఈల వేస్తున్నాడు.

పేర్ల తీర్పు మాస్టారికే వదిలేశాం. ఒక నోటు పుస్తకంలో ఎడమ పక్క దొరికిన రూపాలన్నీ, కుడి పక్క ఆయన ఖాయం చేసిన ఒక్క రూపం. జనం ఏ పేరుతో అడుగుతారో అదే ఉండాలన్నారు. కాబట్టి శ్రీశ్రీ శ్రీశ్రీయే. "థ పొట్టలో చుక్క మర్చిపోకండి" అని రోజుకి నాలుగుసార్లు అంటున్నారు.

జూన్ 8

ఎంట్రీ పూర్తి. బీరువాల్లో నంబరు ఉన్న పుస్తకాలు 2,977. ఒక నంబరు రెండింటికి పడింది కాబట్టి నంబర్లు 2,976. నంబరు లేనివి, ఎవరెవరో ఇచ్చినవి, ఇంకో 38.

1 నుంచి 3,814 దాకా నంబర్లు వరసగా వేసి, మా ఫైల్‌లో ఉన్నవీ లేనివీ ఎక్సెల్‌లో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో తేల్చాం. రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో కొట్టేసినవి 190. మే 27న నేను పోగొట్టిన వరసలూ 190యే, బైక్ బాబు ఇక నన్ను వదలడు. అవి పోను ఉండాల్సినవి 3,624. అంటే లేనివి 648. ఇష్యూ రిజిస్టర్ ప్రకారం పాఠకుల దగ్గర ఉన్నవి 212. మిగతా 436 ఎక్కడున్నాయో ఏ రిజిస్టరూ చెప్పదు.

నంబరు చెప్పగానే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి, "ఈ 436 రిపోర్టులో వేస్తారా?" అన్నారు. కమిటీలో ఈయన మీద గిట్టనివాళ్లు ఒకరిద్దరు ఉన్నారని మాకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా జీతం లేకుండా తాళం తీస్తున్న మనిషి.

బయటికొచ్చి వేపచెట్టు కింద మేం ఐదుగురం చాలాసేపు మాట్లాడుకున్నాం. నంబరు దాస్తే మా పనికి అర్థం లేదు. వేసేస్తే ఆయనకి ఇబ్బంది. ఒప్పంద పత్రంలో "లెక్క తేలాక ఎవరికి ముందు చూపించాలి" అన్న లైను రాసుకోలేదు. రాసుకుని ఉండాల్సింది. చివరికి ఆయన్నే అడిగాం. ముందు ఆయనే కమిటీకి చెప్పడం, ఆ తర్వాతే మా రిపోర్టు. దాంతో పాటు ఇంకో కాలమ్: ఆ 436లో ఏవి ఏ ఏడాది రిజిస్టర్‌లోకి వచ్చాయో. చూస్తే అందులో చాలా భాగం ఆయన తాళం తీసుకోకముందు కొన్నవి. తప్పిపోయింది ఎప్పుడో అది చెప్పదు, ఆ మాట కూడా కిందనే రాశాం.

ఆయన రెండు రోజులు టైం తీసుకున్నారు. కమిటీకి ఏం చెప్పారో, వాళ్లేమన్నారో మేం అడగలేదు.

జూన్ 14

అవగాహన కార్యక్రమం కింద ర్యాలీ బదులు ఆటో మైకు పెట్టాం. మాటలు మాస్టారివి, గొంతు హాస్టల్ అమ్మాయిది: "గ్రంథాలయం పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఇవ్వండి, జరిమానా లేదు, పేరు అడగం." వరండాలో ఒక అట్టపెట్టె పెట్టాం. పేరు అడగం అన్నదే పని చేసింది. వారంలో 61 వచ్చాయి. రాత్రిళ్లు వచ్చి పడేసి వెళ్లారు కొందరు. అందులో 9 మనవి కావు, ఒకటి ఏదో హైస్కూల్‌ది. మనవి 52లో 31 ఇష్యూ రిజిస్టర్‌లో ఉన్నవి, 21 మాత్రం ఆ 436లోవి. టీవీ స్టాండ్ కింది పుస్తకం కూడా వచ్చింది, ఒక మూల నొక్కుకుపోయి.

ఇప్పుడు ఆచూకీ లేనివి 415.

జూన్ 21

అప్పగింత. మాస్టారికి కంప్యూటర్ నేర్పడం రెండు పూటలనుకున్నాం, నాలుగు పట్టింది. ఆయనకి కష్టమైంది ఎక్సెల్ కాదు, మౌస్. డబుల్ క్లిక్ మధ్యలో చెయ్యి జరిగిపోతోంది. ఎంటర్ కీ మీద ఎర్ర బిందీ అంటించింది హాస్టల్ అమ్మాయి.

ఒక విషయంలో ఆయన మాట వినలేదు, మేమూ పట్టుబట్టలేదు. చేతిరాత రిజిస్టర్ ఆగదు. కొత్త పుస్తకం వస్తే ముందు రిజిస్టర్, తర్వాతే కంప్యూటర్. రెండుసార్లు రాయడం దండగ కదా అన్నాడు కోడర్. "మీ పెన్‌డ్రైవ్ కథ విన్నాను నాయనా" అన్నారు మాస్టారు. ఎవరు చెప్పారో మరి.

మిగిలిపోయిన పనుల కాగితం ఫైల్‌లోనూ పెట్టాం, గోడకీ అంటించాం. నంబరు లేని 38 పుస్తకాలకి నంబర్లు వేయాలి. 1,212 నంబరు రెండు పుస్తకాలకి ఉంది, ఏది అసలుదో తేలలేదు. చెదలు పట్టిన అడుగు అరకి మందు కొట్టించాలి. ఫైల్‌ని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా జాబితా) కింద సేవ్ చేయాల్సొస్తే పేరులో యూటీఎఫ్-8 అని ఉన్న రకమే ఎంచుకోవాలి, లేదంటే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది.

జూన్ 27

రిపోర్టు ఇచ్చేశాం, వైవా అయిపోయింది. యాప్ ఎందుకు చేయలేదని ఒక సార్ అడిగారు. మొదటి రోజు పీపీటీ కథ చెప్పాను. ఆయనకి నచ్చినట్టు లేదు.

సాయంత్రం బస్సులో ఉండగా మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, 3,815 వేశాను. మధ్యాహ్నం నుంచి కూర్చుంటే ఇప్పటికయ్యింది. రచయిత విశ్వనాథ. చుక్క పెట్టాను, వచ్చినప్పుడు చూడు. ఇంకా 37 ఉన్నాయి."